వంగిన గొట్టం వెంట ఒక నడక

(ప్రసంగాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్న పాఠం ఇది. సభలో వాళ్ళ మాటలు, ప్రదర్శన వివరాలు కుండలీకరణాల్లో ఉన్నాయి.)

వెనక వరసలో ఉన్నవాళ్ళకి కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకి వచ్చేయండి, కింద కూర్చున్నా పర్వాలేదు. ఈ పూట నేను చెప్పేదానికన్నా ఈ చెక్క మీదున్న గొట్టం చెప్పేదే ఎక్కువ. మామూలు ప్లాస్టిక్ గొట్టం, చిటికెన వేలు దూరేంత లావు. యు ఆకారంలో వంచి, రెండు వైపులా నిటారుగా నిలబెట్టి, మధ్యలో స్కేలు అంటించాను. నిలబడ్డ ఈ రెండు భాగాల్నీ పుస్తకాల్లో భుజాలంటారు, నేనూ అదే మాట వాడతాను. లోపల ఎర్రరంగు కలిపిన నీళ్ళు. వంపుతో కలుపుకుని నీటి పొడవు సరిగ్గా ఒక మీటరు. నీటి పైన రెండు వైపులా 20 సెంటీమీటర్లు ఖాళీ. ఆ మీటరు ఎందుకు కొలిచి పోశానో చివర్లో చెబుతాను.

రెండు భుజాల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో ఉన్నాయి. ఎందుకు?

(సభలోంచి: "నీరు ఎప్పుడూ సమానమట్టంలో ఉంటుంది సార్.")

నువ్వు చెప్పింది జరిగే సంగతి బాబూ. ఎందుకు జరుగుతుందో చెప్పలేదు. సరే, చూడు. కుడి భుజాన్ని చెక్కకి బిగించలేదు, కొక్కేనికి తగిలించానంతే. ఇప్పుడు దాన్ని 10 సెంటీమీటర్లు పైకెత్తుతున్నాను. నీళ్ళు ఇటునుంచి అటు సర్దుకుని మళ్ళీ సమానమయ్యాయి. నువ్వు చెప్పినట్టే అయింది. కిందికి దించేశాను. ఇప్పుడు కుడి మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, అంతే ఎత్తు ఎత్తుతున్నాను.

(గొట్టం ఎత్తుతారు. కుడివైపు నీళ్ళు గొట్టంతో పాటే పైకి వెళ్తాయి. సభలో గుసగుసలు.)

ఏమైంది సమానమట్టం? అవే నీళ్ళు, అదే గొట్టం. కుడివైపు దాదాపు 10 సెంటీమీటర్లు పైన నిలబడి ఉన్నాయి, దిగి రావడం లేదు. మారిందల్లా ఒక మూతి మీద నా వేలు. అంటే మట్టాన్ని నిర్ణయించేది నీళ్ళొక్కటే కాదన్నమాట, పైనున్న గాలికీ అందులో వాటా ఉంది. ఇందాక రెండు మూతులూ తెరిచి ఉన్నప్పుడు గాలి రెండువైపులా ఒకేలా నొక్కుతోంది కాబట్టి మనకి దాని ఊసే రాలేదు.

యు-గొట్టం గురించి నేను చెప్పదలుచుకున్నది ఒకటే. సూత్రం బట్టీ పట్టకండి, గొట్టం వెంట నడవండి. నిజంగానే అంటున్నాను. ఒక చీమంత అయిపోయి ఒక మూతి దగ్గర దిగండి. చేతిలో చిన్న పద్దు పుస్తకం పెట్టుకోండి. పీడనం తెలిసిన చోట మొదలుపెట్టండి. మూతి తెరిచి ఉంటే అక్కడ వాతావరణ పీడనం, సముద్రమట్టం దగ్గర ఇంచుమించు 1,01,325 పాస్కల్స్. పాస్కల్ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం. నీళ్ళలో ఒక సెంటీమీటరు దిగితే 98 పాస్కల్స్ కలపండి. ఒక సెంటీమీటరు ఎక్కితే 98 తీసేయండి. అడ్డంగా ఎంత దూరం నడిచినా పద్దులో ఏమీ రాయక్కర్లేదు. గాలిలో నడిచినప్పుడు కూడా ఏమీ రాయకండి. దీనికొక మినహాయింపు ఉంది, తర్వాత వస్తుంది. అవతలి మూతి దగ్గరికి వచ్చేసరికి పద్దులో ఎంత మిగిలిందో అదే అక్కడి పీడనం.

రెండు మూతులూ తెరిచి ఉంటే రెండు చోట్లా పీడనం ఒకటే అవ్వాలి. కాబట్టి ఎంత దిగారో అంతే ఎక్కి ఉండాలి. అందుకే మట్టాలు సమానం. ఇందాకటి ప్రశ్నకి ఇదీ జవాబు.

మరి నా వేలి కింద? తెరిచిన ఎడమ భుజంలో నీటి పైఅంచు దగ్గర మొదలుపెడితే, నికరంగా 10 సెంటీమీటర్లు ఎక్కినట్టయింది. కాబట్టి వేలి కిందున్న గాలి పీడనం వాతావరణ పీడనంకన్నా 980 పాస్కల్స్ తక్కువ. దాదాపు ఒక శాతం తక్కువ. ఒక శాతం తగ్గాలంటే ఆ 20 సెంటీమీటర్ల గాలి ఒక శాతం సాగితే చాలు, అంటే 2 మిల్లీమీటర్లు. నీళ్ళు గొట్టాన్ని అంటిపెట్టుకున్నట్టు కనిపించింది అందుకే. నిజానికి 2 మిల్లీమీటర్లు జారాయి, మీ కంటికి ఆనలేదు.

గొట్టం లావు గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. ఒక భుజం బకెట్టంత వెడల్పుగా, రెండోది ఈ గొట్టమంత సన్నగా ఉన్నా మట్టాలు ఒకటే. బకెట్లో పది లీటర్లు, గొట్టంలో గ్లాసెడు కూడా లేవు, అయినా తూకం సరిపోతుంది. చీమ పద్దులో ఎత్తులు మాత్రమే రాస్తోంది కదా, వెడల్పు అడగలేదు. 1586లోనే సైమన్ స్టెవిన్ ఈ సంగతి రాశాడు, ఇప్పటికీ దీన్ని విరోధాభాసం అంటారు. గొట్టం మరీ వెంట్రుకలా సన్నబడితే మాత్రం కేశాకర్షణం వల్ల నీళ్ళు కొంచెం పైకి పాకుతాయి. అప్పుడు పద్దు తప్పుతుంది.

ఇప్పుడొకరు వచ్చి ఊదాలి. రామ్మా, నువ్వే. ఎడమ మూతికి ఈ స్ట్రా తగిలించాను. బుగ్గలు పూరించి కాదు, ఛాతీలోంచి ఊదు. ఊది అలాగే పట్టి ఉంచు.

(విద్యార్థిని ఊదుతుంది. చప్పట్లు.)

ఎంత?

(సభలోంచి: "పద్దెనిమిది!")

పద్దెనిమిదా? ఇంకెవరైనా? ఎడమవైపు 18 దిగింది, నిజమే. కుడివైపు?

("అక్కడ పద్దెనిమిది ఎక్కింది.")

మరి చీమ ఎంత ఎక్కాలి? ఎడమవైపు నీటి పైఅంచు నుంచి కుడివైపు పైఅంచు దాకా 36. పరీక్ష పేపర్లు దిద్దినన్నాళ్ళూ నాకు ఎక్కువగా కనిపించిన తప్పు ఇదే. ఒక భుజంలో నీళ్ళు ఎంత కదిలాయో రాసి ఊరుకుంటారు. మనకి కావలసింది రెండు మట్టాల మధ్య తేడా. 36 ఇంటూ 98, సుమారు 3,500 పాస్కల్స్. ఈ అమ్మాయి ఊపిరి వాతావరణ పీడనం మీద మూడున్నర శాతం అదనంగా నొక్కింది. ఇంకో రెండు సెంటీమీటర్లు ఊది ఉంటే నా చొక్కా ఎర్రబడేది. కూర్చోమ్మా, బాగా ఊదావు.

గమనించండి, ఈ 3,500 అనేది పైచిలుకు మాత్రమే. ఊపిరి అసలు పీడనం కావాలంటే వాతావరణ పీడనం కలపాలి, సుమారు 1,04,800. రెండు మూతుల మధ్య తేడా ఎంతో గొట్టం చెబుతుంది, అసలు పీడనం ఎంతో చెప్పదు. చక్రంలో గాలి కొలిచే గేజీ కూడా అంతే. సున్నా చూపిస్తే లోపల గాలి లేదని కాదు, బయటున్నంతే ఉందని.

ఇక ఆ మినహాయింపు. గాలిలో నడిస్తే ఏమీ రాయొద్దన్నాను. అది అవసరానికి ఆడిన చిన్న అబద్ధం. ఘనమీటరు నీళ్ళ బరువు 1000 కిలోలు, ఘనమీటరు గాలి 1.2 కిలోలు. ఒక మీటరు గాలిలో దిగడమంటే 1.2 మిల్లీమీటర్ల నీళ్ళలో దిగడం. ఈ బల్ల మీద అది లెక్కలోకి రాదు. కానీ కొండెక్కితే?

1643లో ఇటలీలో టోరిచెల్లి అనే శాస్త్రవేత్త ఆలోచన ప్రకారం అతని సహచరుడు వివియాని పాదరసం నింపిన గొట్టాన్ని పాదరసం తొట్టిలో తలకిందులుగా నిలిపాడు. గొట్టంలో దాదాపు 76 సెంటీమీటర్ల పాదరసం నిలిచింది. గాలి సముద్రం అడుగున మనం బతుకుతున్నామని మరుసటి ఏడు టోరిచెల్లి ఒక ఉత్తరంలో రాశాడు. మాట బాగుంది, రుజువేది? సముద్రం అడుగునుంచి పైకి వస్తే పీడనం తగ్గాలి కదా. ఫ్రాన్సులో పాస్కల్ తన బావగారు పెరియేని పుయ్ ద దోమ్ కొండ ఎక్కమన్నాడు. 1648 సెప్టెంబరు 19న పెరియే ఎక్కాడు. ఊళ్ళో ఒక గొట్టాన్ని ఉంచి, దాన్ని రోజంతా గమనించడానికి మనిషిని కూర్చోబెట్టి మరీ వెళ్ళాడు. నాకు ఆ జాగ్రత్త అంటే ఇష్టం. లేకపోతే "కింద కూడా పడిపోయిందేమో" అని ఎవరైనా అడగొచ్చు. శిఖరం మీద పాదరసం మూడు అంగుళాలకు పైగా దిగింది, ఊళ్ళోది కదల్లేదు. గాలిలో కూడా పద్దు రాయాలని అలా తేలింది. మీటర్లలో అయితే వదిలేయండి, కిలోమీటర్లలో అయితే రాయండి.

టోరిచెల్లి పాదరసం గొట్టాన్నే భారమితి అంటారు, వాతావరణ పీడనాన్ని కొలిచే పరికరం. నిజానికి అది కూడా యు-గొట్టమే. ఒక భుజం తొట్టిలా వెడల్పయింది, రెండోదాని మూతి మూసుకుపోయింది, లోపల గాలి లేదు. పాదరసమే ఎందుకంటారా? నీళ్ళకన్నా 13.6 రెట్లు బరువు. నీళ్ళతో అదే భారమితి కట్టాలంటే 10.3 మీటర్ల గొట్టం కావాలి, మూడంతస్తుల మేడ ఎత్తు. పీల్చే పంపులు పది మీటర్ల లోతు దాటిన నీళ్ళని ఎందుకు పైకి తేలేవన్న పాత ప్రశ్నకి జవాబు కూడా ఈ అంకెలోనే ఉంది. పంపు నీళ్ళని లాగదు. బయటి గాలి నెడుతుంది, దాని శక్తి అంతవరకే.

రక్తపోటు చూసినప్పుడు డాక్టరు దగ్గర వినే 120 అనే అంకె కూడా ఈ గొట్టంలోంచి వచ్చిందే. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ ఒక ఆడ గుర్రం ధమనికి నిలువుగా గాజు గొట్టం తగిలించి, రక్తం ఎంత ఎత్తు ఎక్కుతుందో చూశాడు. ఎనిమిది అడుగుల మూడు అంగుళాలు, అంటే రెండున్నర మీటర్లు. 1733లో అచ్చువేశాడు. దాన్ని చదువుతుంటే గుర్రం మీద జాలేస్తుంది. 1828లో పాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు నిలువు గొట్టం బదులు యు-గొట్టంలో పాదరసం పోసి వాడాడు. రక్తం గడ్డకట్టకుండా మధ్యలో పొటాషియం కార్బొనేటు ద్రావణం నింపాడు. నిచ్చెనేసుకుని కొలవాల్సిన ఎత్తు బల్లమీదికి దిగింది. 120 మిల్లీమీటర్ల పాదరసమంటే 163 సెంటీమీటర్ల నీళ్ళు, ఒక మనిషి ఎత్తు. పాదరసం విషం కాబట్టి, దాని వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం తర్వాత అది పరికరాల్లోంచి తప్పుకుంటోంది. కొలత పేరులో మాత్రం కూర్చునే ఉంది.

(సభలోంచి: "సార్, రెండు ద్రవాలుంటే?")

మంచిది, అడిగావు. ఎడమ భుజంలో నీళ్ళ మీద కిరసనాయిలు పోశామనుకో. సాంద్రత నీళ్ళలో పదింట ఎనిమిదొంతులు. 10 సెంటీమీటర్ల నూనె. ఎడమ మూతి నుంచి నడక మొదలు. నూనెలో 10 సెంటీమీటర్లు దిగాం, సెంటీమీటరుకి 78 చొప్పున పద్దు రాశాం. నూనె, నీళ్ళు కలిసే గీత దగ్గరికి వచ్చాం. అక్కడినుంచి నీళ్ళలో దిగి, వంపు తిరిగి, అవతల అదే ఎత్తుకి ఎక్కాం. దిగిందీ ఎక్కిందీ చెల్లుకుచెల్లు. ఇంకా పైకి ఎంత ఎక్కాలి? 8 సెంటీమీటర్లు. అయిపోయింది.

తప్పెక్కడ జరుగుతుందంటే, ఆ కలిసే గీత కంటే పైన అడ్డగీత గీసి, ఇటు నూనెలో ఒక బిందువు, అటు నీళ్ళలో ఒక బిందువు పెట్టి "ఒకే ఎత్తు కాబట్టి ఒకే పీడనం" అంటారు. అలా అనకూడదు. ఎత్తు ఒకటైతే చాలదు. రెండు బిందువుల మధ్యా అదే ద్రవంలోంచి తెగని దారి ఉండాలి. చీమ ఆ దారిన నడిచి వెళ్ళగలగాలి.

ఈ తెగని దారి అన్నమాట నాకు ఎలా తలకెక్కిందో చెబుతాను. కొత్తగా పాఠాలు చెబుతున్న రోజుల్లో పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్ళి, మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టంతో రెండు స్తంభాల మీద ఒకే మట్టం గుర్తు పెట్టించాను. పొడవాటి పారదర్శక గొట్టం, నిండా నీళ్ళు, రెండు కొసలూ పైకి. చాలా గొప్పగా వివరించాను కూడా. తర్వాత ఒక పిల్లవాడు గొట్టం కొసలు అటూ ఇటూ మార్చి మళ్ళీ కొలిచాడు. గుర్తులు కలవలేదు, ఏకంగా 12 సెంటీమీటర్ల తేడా. గొట్టం సరిగ్గా పట్టుకోలేదని వాణ్ణి కసిరాను. మళ్ళీ కొలిచినా అంతే.

దారిలో ఒక ఇటుకల కుప్ప ఉంది, గొట్టం దానిమీదుగా ఎక్కి దిగింది. ఆ మూపు దగ్గర గాలి చిక్కుకుంది. చిన్న బుడగ కాదు, గొట్టం నిండా పట్టేసిన పొడుగాటి గాలి ముక్క. దాని ఒక కొస మూపు మీద, రెండో కొస అవతలి వాలులో 6 సెంటీమీటర్లు కిందికి. ఇప్పుడు నడవండి. నీళ్ళలో వస్తున్నారు, గాలి ముక్కలోకి అడుగుపెట్టారు. అందులో 6 సెంటీమీటర్లు దిగారు, కానీ గాలి కాబట్టి పద్దులో ఏమీ రాయలేదు. తర్వాత నీళ్ళలో ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి సెంటీమీటరూ రాస్తున్నారు. దిగినప్పుడు రాయని ఆ 6 సెంటీమీటర్లు అవతలి మట్టంలో తేడాగా బయటపడతాయి. కొసలు మార్చి కొలిస్తే తేడా ఇటు 6, అటు 6. మొత్తం 12. కుర్రవాడి కొలత అచ్చంగా సరిపోయింది. మర్నాడు వాడికి క్షమాపణ చెప్పాను.

గాలి ముక్క నేలబారుగా పడుకుని, దాని రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉంటే, మూరెడు పొడవున్నా తప్పు రాదు. చూడాల్సింది దాని పొడవు కాదు, రెండు కొసల ఎత్తులో తేడా. అనుభవమున్న మేస్త్రీలు ఈ సిద్ధాంతమేమీ చెప్పరు. కొలిచే ముందు గొట్టాన్ని తడుతూ గాలి బయటికి పంపిస్తారు, రెండు కొసలూ పక్కపక్కన పెట్టి మట్టం కలిసిందో లేదో చూసుకుంటారు. నేను ఆ రెండూ చెయ్యలేదు.

చిక్కుకున్న గాలి ఇలా మోసం చేస్తుంది. దాన్నే రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త పనిమంతుణ్ణి చేశాడు. అతని గొట్టం మనదానికి చుట్టమే. పొట్టి భుజం మూతి మూసి ఉంటుంది, పొడుగు భుజం తెరిచి ఉంటుంది. పొట్టి భుజంలో 12 అంగుళాల గాలిని బంధించి, పొడుగు భుజంలోంచి పాదరసం పోస్తూ పోయాడు. గొట్టం ఎంత పొడవంటే గదిలో పట్టక మెట్ల దగ్గర నిలబెట్టుకున్నారు. ఒకసారి పగిలింది కూడా.

1662లో అచ్చయిన ఆ పట్టిక ఇప్పటికీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ రోజు వాతావరణ పీడనం పాదరసం లెక్కలో 29 అంగుళాల మీద 16లో 2 వంతులు. బంధించిన గాలి సగానికి, 6 అంగుళాలకి నలిగేసరికి రెండు భుజాల్లో పాదరసం తేడా 29 మీద 16లో 11. అంటే పైన ఉన్న వాతావరణానికి తోడు ఇంకో వాతావరణం పోసినట్టు. రెట్టింపు పీడనానికి సగం చోటు. ఇంకా పోశాడు. పావువంతుకి, 3 అంగుళాలకి వచ్చేసరికి తేడా 88 మీద 16లో 7. వాతావరణం కలిపితే 117 మీద 16లో 9. సరిగ్గా నాలుగు రెట్లయితే 116న్నర రావాలి.

ఒక అంగుళం ఎక్కువ వచ్చింది కదా, దాన్ని దిద్దలేదు. పక్కనే ఇంకో వరసలో సిద్ధాంతం ప్రకారం రావలసిన అంకె వేసి, రెండూ అచ్చువేశాడు. ప్రాక్టికల్ రికార్డులో జవాబు ముందు రాసుకుని రీడింగులు తర్వాత వేసే పిల్లలకి నేను ఈ పట్టికే చూపించేవాణ్ణి.

(నవ్వులు)

వాష్‌బేసిన్ కింద వంగిన గొట్టం చూసే ఉంటారు. అదీ ఇదే. వంపులో నిలిచిన నీళ్ళు మురుగు గొట్టంలోని వాయువులు ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ ఇలాంటి వంపుతో మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. ఆ నీటి మూత ఎంత గట్టిది? 5 సెంటీమీటర్ల నీళ్ళయితే 490 పాస్కల్స్ ఆపగలదు. ఇందాకటి అమ్మాయి ఊపిరిలో ఏడో వంతు. అంటే చాలా బలహీనమైన కాపలా. వాడని బేసిన్‌లో నీళ్ళు ఆరిపోతే కాపలా లేనట్టే, వాసన వస్తుంది, చెంబెడు నీళ్ళు పోస్తే పోతుంది. పై అంతస్తులో బకెట్టు ఒక్కసారిగా కుమ్మరిస్తే గొట్టంలో గాలి పలచబడి ఈ నీళ్ళని లాక్కుపోవచ్చు. మురుగు గొట్టాన్ని మేడ మీదిదాకా పెంచి మూతి తెరిచి వదిలేది అందుకే. లోపలి గాలి, బయటి గాలి ఒకటిగా ఉండాలి.

(సభలోంచి: "మాస్టారూ, మీటరు నీళ్ళ సంగతి చెబుతానన్నారు.")

మర్చిపోలేదండీ. ఇంతసేపూ ఆగిన నీళ్ళ లెక్కే చెప్పాను. ఆగకముందు ఏం చేస్తాయో చూద్దాం. నేను కొంచెం ఊది, ఒక్కసారిగా వదిలేస్తాను. నీళ్ళు ఉయ్యాలలా ఊగుతాయి. ఎత్తుగా ఉన్న వైపు బరువు మొత్తం నీటిని నెడుతుంది, సమానం దగ్గర ఆగలేక అవతలికి పోతుంది. ఒక ఊపుకి పట్టే కాలం గొట్టంలోని నీటి మొత్తం పొడవు మీద ఆధారపడుతుంది, గొట్టం లావు మీద కాదు. న్యూటన్ చెప్పిన లెక్క ఇది: నీటి పొడవులో సగం ఉన్న లోలకం ఎలా ఊగుతుందో నీళ్ళూ అలాగే ఊగుతాయి. మీటరు నీళ్ళకి అరమీటరు లోలకం, ఒక ఊపుకి 1.42 సెకన్లు. ఏడు ఊపులకి పది సెకన్లు. నీళ్ళ బదులు పాదరసం పోసినా అంతే, ఎందుకంటే నెట్టే బరువు 13.6 రెట్లయితే కదలాల్సిన బరువూ 13.6 రెట్లే.

గడియారం ఎవరు చూస్తారు? సరే బాబూ, నువ్వు చూడు. మిగతావాళ్ళు కుడి భుజంలో నీళ్ళు పైకొచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టండి. చివరి ఊపులు వేలి మందం కూడా ఉండవు, కళ్ళు ఆర్పకండి. వదులుతున్నాను.

(సభ అంతా ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడుతుంది.)

ఎంత బాబూ?

("పదిన్నర సార్!")

పదిన్నర. అర సెకను నీ వేలిదో, గొట్టం గోడల రాపిడిదో. దిద్దకు. అలాగే రాసుకో.